మైదానంలో మంగళవారం

హాలు తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది.

"ఊరి ఫియస్టా పండగ అయ్యేదాకా ఇక్కడ మీ మీటింగులు లేవు," అన్నాడు వాడ పెద్ద, కెప్టెన్ అబుందియో, తాళంచెవి జేబులో వేసుకుంటూ. "అందాల పోటీ పిల్లలకి రిహార్సల్స్ ఉన్నాయి. షాబు వాళ్లు కూర్చున్న కుర్చీల్లో మా ఆడపిల్లలు కూర్చోరని తల్లులంతా గొడవ."

"ఫియస్టా తర్వాతో?" అడిగింది ఇస్కా.

"తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం'కి అర్థమేమిటో రుడెల్‌కి తెలుసు. షాబు మత్తు మానేసి అప్పటికి అయిదు నెలలు. జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బళ్లు బాగుచేసే షెడ్డులో వెల్డింగు పని మళ్లీ దొరికింది. మంగళవారం సాయంత్రాలు ఈ హాల్లో, కిటికీలు మూసుకుని, తనలాంటి వాళ్లతో రెండు గంటలు కూర్చోబట్టే మిగతా ఆరు రోజులూ నిలబడగలుగుతున్నాడు. అయినా ఇప్పుడు మెల్లగా జారుకుందామనే అనిపించింది. అప్పుడే మిగతావాళ్లలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు.

ఇస్కా మాత్రం అమ్మకానికి తెచ్చిన తీపి అరటికాయ వేపుళ్ల బుట్ట కింద పెట్టింది. యాభై ఏళ్ల బొద్దు మనిషి.

"తాళం హాలుకే కదా వేశారు కెప్టెన్ గారూ. మైదానానికి తలుపు లేదుగా!"

వరండాలో దొంతరగా ఉన్న కుర్చీలు రెండేసి చొప్పున మోసుకెళ్లి బాస్కెట్‌బాల్ మైదానం నడిమధ్యన గుండ్రంగా వేసింది. సాయంత్రం నాలుగు. చేపల బజారు నుంచి వచ్చేవాళ్లూ, బడి నుంచి వచ్చేవాళ్లూ ఆ పక్కనుంచే పోవాలి.

ఎదురు దుకాణంలోంచి బెబాంగ్ కేకేసింది. "ఓయ్ ఇస్కా! ఆ వేపుళ్లలో చక్కెరే వేశావా, ఇంకేమైనా కలిపావా?"

దుకాణం ముందున్న వాళ్లంతా గొల్లుమన్నారు.

"తిని చూడవే! రేపు తెల్లారకముందే నా గుమ్మం ముందు వచ్చి పడుకున్నావంటే కలిపినట్టే!"

ఈసారి ఆ నవ్వు బెబాంగ్ మీదికి మళ్లింది.

రుడెల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నావల్ల కాదక్కా. మా ఓనరు ఈ దారినే ఇంటికి పోతాడు. చూశాడంటే పని ఊడుతుంది."

"నాది ఊడలేదుట్రా?"

ఇస్కా బడి క్యాంటీన్లో పద్నాలుగేళ్లు వంట చేసింది. ఈ హాల్లోకి అడుగుపెట్టిన వారానికే బడివాళ్లు 'రేపట్నుంచి రావద్దు' అన్నారు. ఆమె బతిమాలలేదు, సంజాయిషీ చెప్పుకోలేదు. ఏప్రన్ మడతపెట్టి ఇచ్చి వచ్చేసింది. మొదటి నెలంతా హాల్లో ఆమె ఒక్కతే. ఎదురుగా సోషల్ వర్కర్ నీవెస్ మేడమ్. రుడెల్ మూడు మంగళవారాలు కిటికీ సందులోంచి తొంగిచూసి పోయాడు. నాలుగోసారి, 'ఇంత వయసు ఆడమనిషి పడుతున్న మాటలు నేను పడలేనా' అనుకుని లోపలికి వచ్చాడు. అతని వెనక మరొకడు. వాడి వెనక ఇంకొకడు.

ఇస్కా కుర్చీ ముందు నిలబడి దుకాణం దాకా వినబడేలా గొంతెత్తింది.

"నా పేరు ఇస్కా! షాబు మా ఇంట్లో అమ్మ కుట్టుమిషను మింగింది, చెవులకున్నవి మింగింది, నెత్తిమీది రేకులు కూడా మింగింది. ఇంకేం మిగిలిందని దాక్కోవాలి నేను? ప్రతి మంగళవారం ఇక్కడే కూర్చుంటా. చూడాలనుకున్నవాళ్లు దగ్గరికొచ్చి చూడండి, దూరం నుంచైతే మెడలు పట్టేస్తాయి!"

ఓనరు మోటారు సైకిలు వీధి మలుపులో ఆగడం రుడెల్ చూశాడు. అయినా వెళ్లి ఇస్కా పక్క కుర్చీ ముందు నిలబడ్డాడు.

"నా పేరు రుడెల్. మానేసి అయిదు నెలల నాలుగు రోజులు."

వెళ్లిపోతున్న వాళ్లు ఆగారు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఓనరు కాసేపు చూసి బండి తీసుకుని వెళ్లిపోయాడు. పనిలోంచి తీసెయ్యలేదు గానీ వారం రోజులు మాట్లాడలేదు.

రెండో మంగళవారం వాన కురిసింది. గొడుగుల కిందే కూర్చున్నారు. మూడో మంగళవారం బెబాంగ్ దుకాణం కట్టేసి, అల్లుడి రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ మైదానంలోకి వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా, "వీడికో కుర్చీ వెయ్యండి," అంది. అల్లుడికి తన కుర్చీ ఇచ్చేసి ఇస్కా నేల మీద కూర్చుంది. అంతా చూస్తూ నిలబడ్డ కెప్టెన్ మర్నాడు తాళంచెవి నీవెస్ మేడమ్ చేతిలో పెట్టేశాడు.

నెల తిరిగాక హాల్లో సర్టిఫికెట్ల పండగ. ఆర్నెల్లు పూర్తిచేసిన తొమ్మిది మందిని నీవెస్ మేడమ్ పేరుపేరునా పిలిచింది. వెనక బల్ల దగ్గర కొబ్బరిపాలతో గట్టిగా వండిన తీపి అన్నాన్ని ముక్కలుగా కోస్తున్న ఇస్కా, కత్తి పక్కన పెట్టి ప్రతి పేరుకీ చప్పట్లు కొట్టింది. తొమ్మిదో పేరుతో పిలుపు ఆగిపోయింది.

రుడెల్ లేచాడు. "మేడమ్, ఒక పేరు మర్చిపోయారు. అందరికన్నా ముందొచ్చింది అక్క. ఆవిడకివ్వని కాగితం నాకూ వద్దు. ఇదిగో, తీసుకోండి!"

నీవెస్ మేడమ్ తలదించుకుంది. ఇస్కా గబగబా వచ్చి అతని చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లింది.

"నోరు ముయ్యరా."

"ముయ్యను. ఉద్యోగం పోయింది నీకు, ఊరంతా ఉమ్మింది నీ మీద. కాగితం మాత్రం మాకా?"

ఇస్కా అతని చొక్కా వదిలింది.

"మా తమ్ముడు ఈ హాలు దాకా రెండుసార్లు వచ్చాడు. లోపల ఒక్క మనిషి కూడా కనపడలేదు. ఊళ్లో తానొక్కడే అలాంటివాడనుకుని సిగ్గుతో వెనక్కి పోయాడు. మూడోసారి రావడానికి బతికి లేడు."

"అయ్యో..." రుడెల్ గొంతు తగ్గింది. "కానీ, దానికీ నీ కాగితానికీ ఏంటక్కా సంబంధం?"

ఆమె అతని నలిగిన కాలరు సరిచేసింది.

"ఎన్నడూ ముట్టనిదాన్ని మానేశానని ఎలా రాస్తార్రా?"