సీరియల్ అయ్యేదాకా

క్రిస్మస్ నుంచి మాటల్లేక ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్న అత్తాకోడళ్లను కలపాలని, జహీరాబాద్‌లో పాస్టరుగా వాళ్లింటికి ప్రార్థనకు వెళ్తే, టీవీలో ఓ దొరల ఇంటి అత్తాకోడళ్ల సీరియల్ నడుస్తోంది.

ముందు బైబిల్లో ఇళ్లు కూల్చిన యెజెబెలు రాణిలాంటి ఆ టీవీ పెట్టెను ఆర్పించాలని బైబిలు తెరిచాను.

"గా దొరసాని అత్త రాక్షసి అయ్యగారూ! కోడలు వండింది జర నోట్లె పెట్టదు," అంది అత్త నారమ్మ.

"అత్తేం జేస్తది? పొగరంత గా కోడలిదే. అత్త పిలిస్తే ఉలకదు, పలకదు," అంది కోడలు నాగరాణి.

"అత్తదే తప్పు!"

"కాదు, కోడలిదే!"

తప్పు అత్తదని అత్త, కోడలిదని కోడలు కొట్లాడటం తీర్పులకు పేరుపడ్డ సొలొమోను రాజు కూడా చూసి ఉండడు.

ఇంతలో ప్రకటనలు వచ్చాయి. ఇద్దరూ మళ్లీ ముఖాలు తిప్పుకున్నారు.

నేను మోకరించాను. "ప్రభువా, సీరియల్ అయ్యేదాకా కరెంటు పోనియ్యకు!"