మోచేతి వాసన

సామ్రాజ్యాలు దేనివల్ల కూలుతాయో చరిత్రకారులు ఇంకా తేల్చుకోవలసే ఉంది. సంసారాలు మాత్రం మోచేతి వల్ల కూలుతాయి.

కాసియన్ కుడి మోచేయి ఆగస్టు మొదటి వారంలో వాచింది. ఏటవాలు గడ్డినేలను పొడుగు కొడవలితో మూడు రోజులు ఏకధాటిగా కోసినందుకు శరీరం సమర్పించుకున్న కానుక అది. లోయలోని డాక్టరు రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

"నరం పట్టేసింది. ఎముక బాగానే ఉంది. ఇంట్లో ఏదైనా పట్టు వేసుకో, పో."

ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న టిరోల్‌లో ఆ మాట చాలు. కాసియన్ భార్య వాల్‌బుర్గా తక్షణమే వైద్యాధిపత్యం స్వీకరించింది. మూడు రోజులు, వడకట్టిన చల్లటి పెరుగును గుడ్డలో పరిచి కట్టింది. నాలుగు రోజులు, క్యాబేజీ ఆకును ఈనెలు చితికేదాకా రొట్టెల కర్రతో నలిపి చుట్టింది. వాపు సగం తగ్గింది. మిగతా సగం మొండికేసింది.

ఎనిమిదో రోజు భోజనాల బల్ల దగ్గర ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"ఏమయ్యా, ఏమిటా వాసన?"

"ఏ వాసన?"

"నీ మోచేతి వాసన." ఆమె వంగి, కళ్లు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చింది. "బేరిపళ్ల సారా. రెండుసార్లు కాచింది."

"ఆర్నికా, బుర్గీ. సెఫా పిన్ని ఇచ్చింది, రుద్దుకోమని."

ఆ ఊళ్లో ప్రతి ఇంటి కిటికీలోనూ ఒక సీసా ఎండకు నిలబడి ఉంటుంది. లోపల సారాలో పసుపుపచ్చని ఆర్నికా పూలు నానుతుంటాయి. ఒంటికి రాస్తే అమృతం, కడుపులోకి పోతే విషం. ఈ ఒక్క ఇంటి కిటికీలోనే ఎనిమిదేళ్లుగా పూలకుండీ తప్ప మరొకటి లేదు. ఇకపై తాగనని కొండమీది మేరీమాత గుడిలో చేసిన ప్రమాణం అలాంటిది. దానికి ఊరంతా సాక్షి.

"సీసా ఎక్కడ?"

"ఉందిలే."

"ఇలా తే. నేను రుద్దుతా. ఎడమచేత్తో నువ్వేం రుద్దుకుంటావ్?"

"వద్దు. నాకు చేతనవుతుంది."

అనుమానం ఆ క్షణాన ఇంట్లోకి వచ్చి, బల్ల దగ్గర మూడో కుర్చీ లాక్కుని కూర్చుంది.

సీసా దాచే మనిషి ఎందుకు దాస్తాడో వాల్‌బుర్గాకు తెలిసినంతగా ఆ లోయలో మరెవరికీ తెలియదు. దాచే చోట్లు సైతం ఆమెకు కంఠస్థం. మర్నాడు పిండి డబ్బా, చలికాలపు బూట్లు, గోడ గడియారపు వెనుక భాగం, పాత దుప్పట్ల పెట్టె, అన్నీ శాస్త్రోక్తంగా సోదా చేసింది. ఏదీ దొరకలేదు. తన జాబితాకు అందని చోటు ఒకటి ఉందన్న సంగతి ఆమెను మరింత కలవరపెట్టింది.

కంచె దగ్గర పొరుగింటి సెఫా పిన్ని ఎదురైంది.

"మీ ఆయన చెయ్యి ఎలా ఉందే?"

"నాకు చూపిస్తేగా! సీసా నిండుగా ఇచ్చావా పిన్నీ?"

"నిండుగానే ఇచ్చా. ఇవ్వకుండా ఉండాల్సిందేమోనమ్మా. మనసు పీకుతోంది."

"సారా మరిగిన నోరు, విషం కలిసిందంటే మాత్రం ఆగుతుందా?"

"ఆగదు తల్లీ," అంది సెఫా, ఆమె కళ్లలోకి చూడకుండా.

తేనె తీసి నెల దాటినా కాసియన్ రోజూ తేనెటీగల కొట్టంలోకి వెళ్తున్నాడు. వాల్‌బుర్గాకు తేనెటీగలంటే ప్రాణభయం. పెళ్లయ్యాక ఒక్కసారైనా ఆ గడప తొక్కలేదు. ఆదివారం పూజ ముగిశాక, ముఖానికి శాలువా చుట్టుకుని, యుద్ధానికి వెళ్లే రాణిలా లోపలికి నడిచింది.

మూడో పెట్టె వెనుక ఉంది సీసా. దాని చీటీ మీద పెన్సిలు గీతలు, రోజుకొకటి.

కొలుచుకునేవాడు కక్కుర్తి పడేవాడే. తీర్పు అక్కడికక్కడే వెలువడింది. బిరడా తీసి, కేవలం సాక్ష్యం కోసం, సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. మణికట్టు మీద తేనెటీగ కుట్టాక గాని ఈ లోకంలోకి రాలేదు.

"బుర్గీ!"

గుమ్మంలో కాసియన్. ముఖం పాలిపోయింది. ఒక్క అంగలో వచ్చి ముందు సీసా లాక్కున్నాడు. వెలుతురుకు ఎత్తి పట్టి, చివరి గీతతో సరిచూసుకున్నాడు. సరిగ్గా గీత మీదే ఉంది. అప్పుడు ఊపిరి వదిలాడు.

"ముందు సీసా, తర్వాత పెళ్లామా! చూడు, చెయ్యి రొట్టెలా పొంగుతోంది."

"పద, ఉల్లిపాయ కోసి రుద్దుతా."

"చేతిలో ఆర్నికా పెట్టుకుని ఉల్లిపాయేంటయ్యా? రెండు చుక్కలు పొయ్యి."

"దీనికి ఉల్లిపాయే మంచిది."

"కట్టుకున్నదానికి రెండు చుక్కలు పొయ్యడానికి ప్రాణం పోతోందా? మేరీమాత మీద ఒట్టేసి చెప్పు, నీ నోట్లోకి ఎంత పోయింది?"

"ఒట్టు. చుక్క పోలేదు."

"మరి నా దగ్గర దాచడమెందుకు?"

కాసియన్ బయటికి నడిచి, వాచిన చేత్తోనే సీసాను తలకిందులు చేసి దురదగొండి పొదలో ఒంపేశాడు. ఆఖరి చుక్క జారేదాకా వాల్‌బుర్గా రెప్ప వెయ్యకుండా చూసింది.

ఎనిమిదేళ్ల కిందట కొండమీది గుడిలో మోకరిల్లి, ఇకపై చుక్క ముట్టనని ప్రమాణం చేసింది కాసియన్ కాదు, వాల్‌బుర్గా.