గేటు ప్రూయిట్ సగటు

"ఈ బొమ్మ బయటికొస్తే నేనీ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను!" అంటూ హార్లన్ ప్రూయిట్ బేస్‌బాల్ క్లబ్బు మేనేజరు బల్ల మీద గుద్దాడు. ఆ గుద్దుకి బల్ల మీది బొమ్మ అవునవునన్నట్టు తలాడించింది.

ఒకప్పుడు క్లబ్బు తరఫున బంతులు విసిరిన పాత పిచర్ హార్లన్‌కి గౌరవంగా, వచ్చే ఆదివారం ఆట చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ ఈ తలాడించే బొమ్మల్ని పంచబోతున్నారు. బొమ్మ అచ్చం హార్లన్‌లాగే ఉంది. ఆ చేటంత చెవులతో సహా. చిక్కల్లా భంగిమతోనే. నడుం వంచి, కాళ్ళు బార్లా పెట్టి నిలబడి ఉన్నాడు. బంతి కాళ్ళ సందులోంచి దూరి పోతోంది.

"ఊరంతా మిమ్మల్ని గేటు ప్రూయిట్ అనే అంటారు కదండీ?" అంది మేనేజరు కైలీ, నవ్వాపుకుంటూ. "బంతి మీ వైపు కొడితే చాలు, గేటు తెరిచినట్టేనట."

"గిట్టనివాళ్ళ కూతలు! నా లెక్కలు తీసి చూడు. చేతికందే బంతుల్లో లీగ్ పిచర్లు నూటికి తొంభై అయిదు సరిగ్గా ఆడారు. అది సగటు. మరి నేనో? తొంభై తొమ్మిది! పెద్ద జట్టు నుంచి పిలుపెలాగూ రాలేదు. నాకు మిగిలిన గొప్ప ఇదొక్కటే, దీన్నీ మీరు బొమ్మ చేసి పంచేస్తారా?"

పక్క కుర్చీలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న భార్య లొరీన్ తలెత్తలేదు.

కైలీ కంప్యూటర్‌లో వెతికింది. "అరె, నిజమే!"

హార్లన్ మొహం పూరీలా పొంగింది. సరిగ్గా అప్పుడే, అతని బంతులన్నీ అందుకున్న పాత క్యాచర్ డచ్, చేతిలో హాట్‌డాగ్‌తో లోపలికొచ్చాడు.

"తొంభై తొమ్మిదా? ఒరేయ్ హార్లన్, పదేళ్ళు నీకెదురుగా కూర్చున్నాన్రా! నీ కాళ్ళ మధ్యనుంచి బంతులు మేకపిల్లల్లా గెంతుకుంటూ పోయేవి. అవి నీ తప్పులు కావూ?"

"కావు. హిట్లు! కొట్టినవాడి గొప్ప. అంత జోరుగా వస్తే ఎవడాపగలడు? స్కోరర్ అలాగే రాసింది."

"ఆ స్కోరర్ ఎవరో కూడా చెప్పరాదూ?" అంటూ డచ్ పగలబడి నవ్వాడు.

ముగ్గురూ లొరీన్ వైపు తిరిగారు. ఆ రోజుల్లో స్థానిక పత్రికకి ఆటల వార్తలు రాసే పిల్ల లొరీనే పైన గదిలో కూర్చుని, ఏది హిట్టో ఏది తప్పో తేల్చేది.

"నేనే రాశాను" అంది లొరీన్ తాపీగా. "అయితే?"

"లొరీన్!" హార్లన్ భార్య కుర్చీ వైపు వంగాడు. "నా పరువు కోసమా? అప్పటికి మన పెళ్ళి కూడా కాలేదే! నన్ను కన్నెత్తి చూసేదానివి కూడా కావు!"

"చూడకుండానే రాశాననుకున్నావా?"

హార్లన్‌కి పట్టలేని సంతోషం వచ్చింది. భార్య బుగ్గమీద చటుక్కున ముద్దు పెట్టాడు.

"అదంతా దొంగ లెక్క!" అని డచ్ గోల పెట్టాడు.

"స్కోరర్ రాసిందే లెక్క, డచ్ గారూ. రూలంటే రూలే" అంది కైలీ. "బంతి గ్లౌజులో ఉన్నట్టు బొమ్మ మార్పించేస్తాను."

ఇంకేముంది! హార్లన్ డచ్ నడుం పట్టుకుని గదంతా గిరగిరా తిప్పాడు. హాట్‌డాగ్ మీది ఆవముద్ద ఇద్దరి చొక్కాలకీ పూసుకుంది. తిట్టుకుంటూనే డచ్ కూడా నవ్వేశాడు.

కైలీ మాత్రం ఇంకా తెర వైపే చూస్తోంది. కనుబొమలు ముడిపడ్డాయి.

"కానీ లొరీన్ గారూ, వాటిని తప్పులని రాసుంటే, తప్పు ఈయనదే అయినా, ఆ పరుగులు పిచర్ ఇచ్చిన పరుగుల లెక్కలోకి వచ్చేవి కావుగా? హిట్లని రాయబట్టే అన్నీ ఈయన నెత్తిన పడ్డాయి. లేకపోతే లీగ్ మొత్తంలో ఈయనే మొదటి పిచర్. పెద్ద జట్టువాళ్ళు అప్పుడే ఎగరేసుకుపోయేవాళ్ళు!"

హార్లన్ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

లొరీన్ ఆఖరి పలుకు నోట్లో వేసుకుని, ఒళ్ళోని తొక్కలు దులుపుకుంది.

"ఎగరేసుకుపోతారనేగా తల్లీ, నేను హిట్లని రాసింది!"