మాట వినని నరాలు

“ఆ క్లిప్పులో నీ వేలు పెట్టు,” అన్నాడు గడియారాల షాపాయన.

ఆయన భార్య కాలేజీలో నరాల పాఠం చెప్పే టీచరు. అప్పుడే క్లాసు ముగించి, ల్యాబులో గుండె వేగాన్ని తెర మీద చూపించే యంత్రం వైర్లు చుట్టిపెడుతోంది. పక్క గదిలో ఎముకల మాస్టారు పుర్రెలు తుడుస్తూ కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం వింటేనే షాపాయనకు ఒళ్లు మండుతుంది. వీళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతారని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ ఆయన కళ్లలో నిప్పులు పోసుకుంటున్నాడు.

“ఇప్పుడెందుకండీ?”

ఎందుకంటే, ఆమె ఇంట్లో పాఠం వల్లె వేసుకుంటుంటే ఆయన చెవిన పడింది. మెదడూ వెన్నుపామూ హెడ్డాఫీసు. అక్కణ్ణుంచి ఒళ్లంతా పాకిన నరాల్లో కొన్ని మన మాట విని కాలూ చెయ్యీ నాలుకా ఆడిస్తాయి. కొన్ని వినవు, గుండెను తమ ఇష్టప్రకారం నడిపిస్తాయి. అంటే నాలుక అబద్ధమాడొచ్చు గానీ గుండె ఆడలేదు. పాఠం ఇంకా ఉంది. కావలసింది దొరికిందని ఆయన అక్కడితో వినడం మానేశాడు.

“వాడి పేరు చెప్తాను. గుండె ఎగిరిందా, రేపట్నుంచి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటావు.”

ఆమె ప్రాణం పెట్టి చేసే ఉద్యోగం అది. వేలికి క్లిప్పు తగిలించుకుంది. తెర మీద గీత గబగబా గంతులేస్తోంది.

ఆయన గొంతు సవరించుకుని మాస్టారి పేరు పలికాడు. గంతులు తగ్గాయి. టీ బల్ల సంగతి ఎత్తాడు. ఇంకా తగ్గాయి.

ఆయన గుండెల మీది బరువు దిగింది. “మరి నేనో?” అంటూ కుర్చీ దగ్గరకు జరుపుకుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. గంతులు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ తెర నిండిపోయాయి.

షాపాయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇన్నాళ్లూ అనవసరంగా కుమిలిపోయానన్నాడు. ఉద్యోగం హాయిగా చేసుకోమన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మీసం దువ్వుకుంటూ, ఆ మిగతా పాఠమేమిటో కూడా చెప్పమన్నాడు.

ఆమె క్లిప్పు తీసి పక్కన పెట్టింది.

“మాట వినని నరాలు రెండు రకాలండీ. భయం లేనప్పుడు గుండెను నెమ్మదిగా నడిపించేవి ఒక రకం. ప్రమాదం ఎదురైతే పరుగెత్తించేవి రెండో రకం.”