కాలు చాపుకునే సీటు

"వేడి ముల్లు ఎర్రగీత దాటింది కళ్ళకు కనబడలేదా పెద్దాయనా?" అని మెకానిక్ అంతోణి కాస్త గట్టిగానే అడిగాడు.

ఆయిల్ పుల్ల లాగి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన కాఫీలా ఉంది. రేడియేటర్ నీళ్ళు ఇంజనులోకి దిగిపోయాయి. ఇంజను మూత కింద బిగించే హెడ్ గాస్కెట్ పోయింది, అందులో సందేహమేమీ లేదు. కారుకి ఇరవై రెండేళ్ళు. పైపు చిల్లుపడి నీళ్ళు కారిపోతుంటే, విళాత్తికుళం అవతలి పల్లె నుంచి కోవిల్‌పట్టి దాకా ఎక్కడా ఆపకుండా తోలుకొచ్చిన మనిషిని ఏమనాలి?

ఆ మనిషి పేరు గురుసామి. అరవై దాటిన మిరప రైతు. తల వంచుకుని నిలబడ్డాడు. జవాబు ఆయన భార్య కమలం చెప్పింది. కొడుకు రామ్‌కుమార్ విరుదునగర్‌లో పప్పు మిల్లులో పనిచేస్తాడట. రాత్రి మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. ఆసుపత్రి నుంచి వాణ్ణి ఇంటికి తెచ్చుకోవాలట. అరవంలో మొదలుపెట్టి సగంలోనే తెలుగులోకి వచ్చేసింది. అంతోణి ఇంట్లోనూ తెలుగే కాబట్టి తనూ తెలుగులోనే చెప్పాడు, పని అయ్యేసరికి మూడు దాటుతుందని, విరుదునగర్‌కి బస్సులు వరసగా ఉన్నాయని, కారు తర్వాత తీసుకెళ్ళొచ్చని. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఇదేం పట్టుదలరా దేవుడా అనుకుంటూ అంతోణి రెంచీ అందుకున్నాడు.

హెడ్ బోల్టులు విప్పుతుండగా గురుసామి వచ్చి, ఇంజను చూస్తున్నట్టు పక్కన వంగాడు.

"కాలు కాదు తమ్ముడా. పిల్లోడు లేడు," అన్నాడు లోగొంతుకతో. "తెల్లారి చేలో ఉండగా నాకు ఫోనొచ్చింది. పోస్టుమార్టం అయ్యి నాలుగు దాటినాకే ఇస్తారంట. ముందే పోతే ఆ శవాల గది వాకిట్లో కూర్చోవాల. దానికసలే బీపీ. కాలు విరిగిందని సెప్పి తెచ్చినా. అక్కడికి పొయ్యేదాకా అయినా నెమ్మదిగా ఉండనీ. నువ్వు నోరు జారొద్దు."

ఎర్రగీత కనబడలేదా అని అడిగినందుకు అంతోణి సిగ్గుతో చచ్చిపోయాడు.

హెడ్ ఎత్తి చూస్తే పాత గాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య కాలి తెగిపోయి ఉంది. హెడ్ మీద ఇనప స్కేలు ఆనిస్తే కింద వెలుతురు కనబడింది. వేడికి వంగింది. అలాగే బిగిస్తే నెల తిరక్కుండా మళ్ళీ పోతుంది. ఈ పూట ఆ కారు దారిలో ఆగకూడదు. తనే దాన్ని బండి మీద వేసుకుని లేతు మిషను షాపుకి పోయి, దగ్గరుండి హెడ్ సాపు చేయించి, కొత్త గాస్కెట్ కొనుక్కుని వచ్చాడు.

వచ్చేసరికి కమలం ఎదురు అంగట్లో వేరుశనగ చిక్కీ రెండు పొట్లాలు కొని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రామ్‌కుమార్‌కి చిన్నప్పటి నుంచీ ఇదంటే ప్రాణమని అడక్కుండానే చెప్పింది. మొగుడికి డబ్బాలోంచి ఇడ్లీలు తీసి పెట్టింది. వద్దంటే బతిమాలి తినిపించింది, గుండె మాత్ర గుర్తుచేసి మింగించింది. గాస్కెట్ ఆనే చోటు గీకి శుభ్రం చేస్తున్నాడన్న మాటే గానీ అంతోణి చూపంతా ఆమె మీదే ఉంది. ఈమె ఎప్పుడు ఫోను తీసి కొడుక్కి చేస్తానంటుందో అని అతని భయం. ఆమె అది అడగలేదు. మాత్రలకి వాడు పడుకుని ఉంటాడు, లేపొద్దులే అని తనే అంది. బతికించావు తల్లీ అనుకున్నాడు అంతోణి.

ఆ తర్వాత అడిగింది చూడండి. ముందు సీటు వెనక్కి జరగడం లేదట.

"కాలికి కట్టుంటది గదా. చాపుకుని కూర్చునేట్టు చేసి ఇయ్యి తమ్ముడా," అంది. మొగుడి వైపు తిరిగి, "అంతేనా?" అని అడిగింది.

"ఆఁ, అంతే," అన్నాడు గురుసామి. కండువాతో మొహం తుడుచుకుంటూ కారు వెనక్కి వెళ్ళిపోయాడు.

రాని మనిషి కోసం అంతోణి కారు నేల మీద బోర్లా పడుకుని, తుప్పు పట్టిన సీటు పట్టాలకి నూనె కొట్టి, అరగంట పోరాడాడు. కళ్ళల్లో నీళ్ళు వస్తుంటే తుప్పు పడిందన్నాడు. సీటు జరిగింది. కమలం అందులో కూర్చుని కాళ్ళు చాపి, బాగుందని నవ్వుతూ మొగుణ్ణి పిలిచి మరీ చూపించింది. ఆ నవ్వు చూసి, లోకంలో ఇంతకన్నా పాపం ఉంటుందా అనిపించింది అంతోణికి.

హెడ్ ఎక్కించి, నడిమి బోల్టుల నుంచి అంచులకు వస్తూ మూడు విడతలుగా బిగించాడు. కొత్త ఆయిల్, కొత్త నీళ్ళు పోసి స్టార్టు చేశాడు. తెల్ల పొగ కాసేపు వచ్చి ఆగిపోయింది. ముల్లు ఎక్కడ నిలవాలో అక్కడే నిలిచింది. టైము మూడున్నర.

గురుసామి మొహం కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు కమలం గబగబా అంతోణి దగ్గరికొచ్చింది. కారు నువ్వే తోలుకొని రా తమ్ముడా అని అడిగింది. పెద్దాయన తోలుతాడు కదక్కా అన్నాడు అంతోణి.

కమలం కొళాయి వైపు ఒకసారి చూసుకుని గొంతు తగ్గించింది.

"పిల్లోడు పోయినాడు తమ్ముడా. రూములో వాడి జతగాడు పొద్దున్నే నాకు ఫోను చేసినాడు. ఆయనకెవరో కాలు విరిగిందని సెప్పినారు, నేనూ అట్నే ఉండనీ అనుకున్నా.

ఆయనకింకా తెలీదు."