తడి తువ్వాలు

నా ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదురుతోందో లేదో రక్తంలోని ఒక ప్రోటీన్‌ని బట్టి తెలుస్తుందట. అది పెరుగుతుంటే జబ్బు ముదురుతున్నట్టు, తగ్గుతుంటే మందు పనిచేస్తున్నట్టు అని డాక్టరుగారు చెప్పారు.

"ఇంతోటి దానికి రక్తం తీయడం ఎందుకండీ?" అన్నాను పోయినసారి. "రిపోర్టు చూశాక మా ఆవిడ నన్ను తిట్టిందంటే తగ్గినట్టు. 'ఏమండీ, కాసేపు పడుకోండి' అందంటే పెరిగినట్టు."

డాక్టరుగారు పకపకా నవ్వారు. పక్కనే కూర్చున్న మా ఆవిడ మాత్రం నన్ను కొరకొరా చూసింది.

ఈసారి రిపోర్టు తేవడానికి తనొక్కతే వెళ్లింది. తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే తిట్లు లంకించుకుంది.

"తడి తువ్వాలు మళ్లీ మంచం మీద పడేశారా? ఎన్నిసార్లు చెప్పాలండీ? ఈ మనిషికి బుద్ధి ఎప్పుడొస్తుందో ఏమో!"

వీధి చివరిదాకా వినిపించేలా చెడామడా తిట్టింది.

నేను కుర్చీలోంచే మంచం కేసి చూశాను. పొద్దున పరిచిన దుప్పటి నలగకుండా అలాగే ఉంది. తువ్వాలు బాల్కనీలో తీగ మీద ఆరుతోంది.

"తప్పయిపోయిందే," అన్నాను. "అయితే ప్రోటీన్ తగ్గిందన్నమాట!"