విశాఖలో వాన పడతాందా?

ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే మీరే దిద్దుకొని చదవండి. భర్త పోయాక, యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. చెయ్యి మెల్లగా నడుస్తుంది. ఈ కాస్త రాయడానికి పది రోజులు పట్టింది.

"మే నిర్మలా, విశాఖలో వాన పడతాందా?"

రోజూ ఏడున్నరకు వచ్చే అమ్మ ఫోను ఆ రోజు ఎనిమిదిన్నరకు వచ్చింది. నిర్మల పొయ్యి మంట తగ్గించి, మొగుడి వైపు చెయ్యి చాపింది. రిజ్వాన్ నోట్లో బ్రష్షుతోనే తన ఫోను తెరిచి ఆమె ముందు పెట్టాడు. అందులో విశాఖపట్నం వాతావరణం ఉంది.

"లేదు మా. ఎండ కాస్తాంది. ముప్పై ఒక్క డిగ్రీలు. గాల్లో తేమ ఎనభై. ఒకటే చెమట."

"సముద్రం గాలి?"

"తూర్పు నుంచి వస్తాంది. మెల్లగా."

నాలుగు నెలలుగా ఇదే తంతు. విశాఖ ఆసుపత్రిలో నర్సు పని మానేసి, రిజ్వాన్‌ను పెళ్లి చేసుకొని, ప్రొద్దుటూరులో మిద్దె మీది రెండు గదుల్లో కాపురం పెట్టినట్టు నిర్మల తల్లికి చెప్పలేదు. సింహాద్రిపురం దగ్గరి పల్లెలో ఉండే యేసమ్మ లెక్కలో కూతురు ఇంకా విశాఖలోనే ఉంది. వానకూ ఆమెకొక లెక్క ఉంది. దసరా రోజుల్లో విశాఖలో వాన పడితే అది మూడోనాటికి తన చేలో పడుతుంది. అందుకే రోజూ అడిగేది.

"అయితే చెట్లు పీకిస్తా," అంది యేసమ్మ. "పన్నెండు మంది కూలోళ్లు గట్టు మీద నిలబడుండారు. నువ్వు ఊ అంటే దిగుతారు."

నిర్మల చేతిలో గరిటె ఆగింది. వేరుశనగ చెట్లు పీకాక రెండు రోజులైనా చేలో పడి ఎండాలి. ఆలోగా వాన పడిందా, కాయ మొలకెత్తిపోతుంది. ఉన్నది రెండెకరాలు. అమ్మకు ఏడాది తిండి అదే.

"ఇయాలే పీకల్లా మా?"

"లేకుంటే క్రిస్మస్‌కు పీకల్లా? బయటికొచ్చి కండ్లతో ఆకాశం చూసి చెప్పు మే. ముప్పై ఒకటంట, ఎనభైయంట! ఆకాశాన్ని చూసినోళ్లెవరైనా అట్ల చెప్తారా?"

నిర్మల మిద్దె మీదికి వచ్చింది. తీగ మీద ఆరేసిన పచ్చ దుప్పటి గాలికి కొట్టుకుంటోంది. తూర్పున, మైదుకూరు దిక్కున, నల్లటి మబ్బు లేచి సగం ఆకాశం కప్పేసింది. గాలి దాన్ని పడమటికి, అమ్మ పల్లె వైపుకే తోలుతోంది. అక్కడికింకా చేరి ఉండదు. చేరడానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టదు.

కింద వీధిలో, రోజూ ఉల్లిపాయలమ్మే వలి బాషా ఆటో మైకు మోగింది. "ఎర్రగడ్డలూ, ఖాజీపేట ఎర్రగడ్డలూ!" ఆ రోజు అతని బండీ ఆలస్యంగానే వచ్చింది. నిర్మల రోజూలాగే ఫోను చెవి నుంచి దించి, అమ్మకు వినబడకుండా కింది భాగాన్ని అరచేత్తో మూసింది.

వెనకే వచ్చిన రిజ్వాన్ ఆకాశం చూసి గొంతు తగ్గించాడు. "విశాఖలో వాన మొదలైందని చెప్పు. పీకదు."

నిర్మల చెయ్యి తీసింది. "మా, ఇప్పుడే ఈడ వాన పట్టుకుంది. పీకొద్దు."

"ఇప్పుడే గదమ్మే ఎండ అంటివి?"

"సముద్రం ఊరు మా. గడియకో తీరు."

"పడనీలే. ఆడ ఇయాల పడితే మనకు మూడోనాడు గదా? అంతలోకి ఎండిపోతాది. ఇంకా మంచిదే. దిగమంటాండా కూలోళ్లను."

నిర్మల మబ్బు వైపు చూసింది. అది ఇంకో నాలుగు వీధులు దాటింది.

"దిగొద్దు మా!" అంది. "నేను విశాఖలో లేను. నాలుగు నెల్ల నుంచి లేను. ప్రొద్దుటూరులో ఉండా. ఈడ మబ్బు నెత్తి మీదికొచ్చింది. ఇంకో గంటా గంటన్నరకు మన చేలో ఉంటాది. కూలోళ్లను పంపించెయ్ మా. నన్ను ఆనక తిట్టుకో."

తిట్లకు సిద్ధపడి నిర్మల ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. "ఎర్రగడ్డలూ, ఖాజీపేట ఎర్రగడ్డలూ!" ఒక చెవికి వీధిలోంచి వినబడింది. ఇంకో చెవికి ఫోనులోంచి వినబడింది.

ఆమె పిట్టగోడ మీదికి వంగి కిందికి చూసింది. ఆటోలో వలి బాషా పక్కన, ఎర్రగడ్డల బస్తాలకు ఆనుకొని, కాళ్ల దగ్గర గోనె మూటతో, చెవి దగ్గర ఫోనుతో యేసమ్మ కూర్చొని ఉంది. తల పైకెత్తి మిద్దె వైపే చూస్తోంది.

"చెట్లు పోయిన వారమే పీకి, వామేసి, పట్ట కప్పినా," అంది ఫోనులోనే. "ఉల్లిపాయలు అనే విశాఖలో ఎర్రగడ్డలని ఎవరరుస్తారు మే? నువ్వు చెయ్యడ్డం పెట్టినా రోజూ వినబడే ఈ అరుపు ప్రొద్దుటూరుదని కనుక్కున్నా. పొద్దున్నుంచి ఈయప్ప బండెక్కి ఊరంతా తిరుగుతాండా, ఏ మిద్దె మీద నుంచి తొంగి చూస్తావా అని. సరే, ముందు ఆ పచ్చ దుప్పటి తీయి, తడుస్తాది. ఆనక నీ పక్కన నిలబడిన అల్లుణ్ణి కిందికి పంపు. శెనక్కాయల మూట నాతో లేయదు."

— గోసుల యేసమ్మ, వయసు అరవై మూడు. ఇప్పుడు ఉండేది ప్రొద్దుటూరు, ఆ మిద్దె మీదనే.